దర్గా దూలానికి కట్టిన ఓడ

అన్న పోయిన ఏడాది నేను నమాజులో నిలబడలేకపోయేవాణ్ని. సజ్దాలో నుదురు నేలకు ఆనగానే ఏడుపు తన్నుకొచ్చేది. మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని.

మా మదార్ అన్న కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లే ఓడలో పనిచేసేవాడు. తీరం దగ్గరపడ్డప్పుడు తాడుకు సీసపు గుండు కట్టి నీళ్లలో వదిలి, లోతెంతో కేకేసి చెప్పేవాడు. తిరుగు ప్రయాణంలో ఓడ తుఫానులో చిక్కింది. బతికొచ్చినవాళ్లు నిమ్మకాయంత ఆ గుండును తెచ్చి నా చేతిలో పెట్టారు. దాన్ని మెడలో కట్టుకుని తిరిగాను. ఎవరు పలకరించినా చొక్కా గుండీ విప్పి చూపించి, కథంతా మొదలుపెట్టేవాణ్ని. పాపం, జనానికీ విసుగొచ్చేసింది.

నేనుండే దర్గాలో మా గురువు ఖుద్దూస్ షా హజ్రత్ మాత్రం ఏనాడూ విసుక్కోలేదు. ఇప్పుడు రేవు పూడిపోయింది. ఆయనా లేరు. ఆ సాంబ్రాణి వాసన, మడ చెట్ల మీదుగా వచ్చే ఉప్పుగాలి గుర్తొస్తే ఈ వయసులోనూ ఆయన నన్ను "బేటా" అని పిలిస్తే బాగుండుననిపిస్తుంది.

ఒకరోజు సాయంత్రపు అసర్ నమాజయ్యాక ఆయన ముందు కూర్చున్నాను.

"హజ్రత్, ఈ బరువు నాకొద్దు. అన్నను మరిచిపోయేలా జపించడానికి ఏదైనా జిక్ర్ చెప్పండి. లేదంటే దర్గా వదిలి వెళ్లిపోతాను. నమాజు చెడగొట్టుకుంటూ ఇక్కడ ఉండలేను."

ఆయన లేచి, దూలానికి వేలాడుతున్న బొమ్మ ఓడను విప్పారు.

మనిషి ఓడెక్కేటప్పుడు ఇంట్లోవాళ్లు మూరెడు ఓడ చెక్కి దర్గాలో కట్టడం, అతను తిరిగొచ్చాక దాన్ని ఏటిలో వదలడం మా రేవు ఆనవాయితీ. అది నేను అన్న కోసం చెక్కింది.

"అన్న రాలేదు కదా హజ్రత్!"

"తెలుసు. రా."

ఏటి గట్టున మోకాలి లోతు నీళ్లలోకి దిగి, కట్టిన తాడు కొస పట్టుకుని ఓడను వదిలారు. ఎంచక్కా తేలింది. తెరచాపకు కాస్త గాలి తగిలిందో లేదో, పక్కకు పడిపోయింది. నిలబెట్టారు. మళ్లీ పడింది.

"తెరచాప ముద్దుగా కుట్టావు. అడుగు సంగతి మరిచిపోయావు," అని నవ్వారు. "మెడలోది విప్పు. నువ్వే పెట్టు."

నేనూ నీళ్లలోకి దిగాను. గుండును పైబల్ల మీద, అందరికీ కనబడేచోట పెట్టాను. ఓడ గభాలున తిరగబడింది. గుండు నీళ్లలో పడిపోయింది.

వంగి రెండు చేతులతో బురదంతా దేవాను. అది దొరికేదాకా నా ప్రాణం నాలో లేదు.

"బరువొద్దన్నావుగా?" అన్నారు హజ్రత్.

గుండుకంటిన బురద కడిగాను.

"ఈసారి లోపల పెట్టు. అట్టడుగున."

పైబల్ల తీసి, గుండును అడుగున సర్ది, మళ్లీ మూశాను. ఓడ రెండు వేళ్లు కిందికి దిగింది. మునిగిపోతుందని చెయ్యి చాచాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. దిగినకొద్దీ నీళ్లు కింద నుంచి పట్టుకుంటాయి."

నిజంగానే ఆగింది. ఇంతలో గాలి వీచింది. ఓడ బాగా ఒరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే లేచి నిలబడింది. తెరచాప నిండింది. అన్న కోసం చెక్కిన ఓడ మొదటిసారి ముందుకు కదిలింది. చూస్తూ చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

హజ్రత్ తాడు లాగి ఓడను నా దగ్గరికి తెచ్చారు.

"ఇప్పుడు చెప్పు బేటా. గుండు తీసేద్దామా?"

ఓడను గుండెకు హత్తుకుని గట్టెక్కాను. దాన్ని దూలానికి మళ్లీ కట్టేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ మొదలైంది.

ఆ సాయంత్రం కూడా సజ్దాలో ఏడుపొచ్చింది. లేచి, బయటికి వెళ్లకుండా వరుసలోనే నిలబడ్డాను.