ముందు మనిషి

కుందన జీపు నడిపేటప్పుడు ముందు మనిషిని పెట్టుకునేది కాదు. బోసుగారి శిష్యుల్లో అలా నడిపేది ఆ పిల్ల ఒక్కతే.

కొండ ఎక్కుతున్నప్పుడు డ్రైవరు సీట్లో ఉన్నవాళ్లకి ముందు బానెట్టు, దాని మీద ఆకాశం తప్ప ఇంకేం కనిపించదు. టైరు రాయి మీదకి పోతోందో, గోతిలోకి పోతోందో తెలియదు. అందుకని ఒకరు దిగి, నాలుగు బారల దూరంలో జీపుకేసి తిరిగి నిలబడి, వెనక్కి నడుస్తూ చేతులతో దారి చూపిస్తారు. ఆ మనిషినే ముందు మనిషి అంటారు. ఇంజను మోతలో మాట వినపడదు గనక అంతా చేతులతోనే. ముందు మనిషి పిడికిలి పైకెత్తాడంటే జీపు ఎక్కడున్నది అక్కడ ఆగిపోవలసిందే. ఎందుకని అడగడం ఉండదు.

కుందన ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, నడుం దాకా బయటికి వంగి, టైరు ఎక్కడ పడుతోందో తన కళ్లతోనే చూసుకుంటూ ఎక్కేది.

"ఏంటి చెల్లెమ్మా ఆ వంగడం? సైకిలు మీంచి చెప్పు జారిపోయినట్టు!" అని బోసుగారి ఇంకో శిష్యుడు సాల్మన్ ఏడిపించేవాడు.

"నా టైరు నేను చూసుకుంటాను. ఒకళ్ల చేతిని నమ్మితే ఏమవుద్దో మా ఇంట్లో ఫొటోకి దండేసి మరీ పెట్టుకున్నాం" అంది ఒకసారి.

సాల్మన్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బోసుగారు పక్కనే ఉన్నారు. గొంతుక్కూర్చుని, రాళ్ల మీద పట్టు దొరకడానికి టైర్లలో గాలి తగ్గిస్తున్నారు. ఆ మాట చెవిన పడే ఉంటుంది. తల మాత్రం ఎత్తలేదు.

ఆ ఫొటో ఆమె అన్నయ్య భార్గవది.

భార్గవ ఉన్న రోజుల్లో ఆదివారం వస్తే చాలు, రాజమండ్రి నుంచీ కాకినాడ నుంచీ జీపులు వరసగా రంపచోడవరం దారి పట్టేవి. అందరికంటే ముందు బోసుగారి జీపు. ఆయనకి కలప కోసే సామిల్లు ఉండేది. జీపు పిచ్చి అంతకుముందు నుంచీ ఉంది. కుర్రాళ్లు ఆయన్ని మొదట్లో వేళాకోళానికి గురువుగారూ అన్నారు. ఏ రాయి నిలుస్తుందో ఏ రాయి దొర్లుతుందో ఆయన చెప్పింది చెప్పినట్టు జరగడం చూసి, తర్వాత నిజంగానే అన్నారు.

కుందన అప్పుడు వెనక సీట్లో పిల్ల. ఈలలు వేయడం, ఫోనుతో వీడియోలు తీయడం ఆమె పని. పాటలు, బిర్యానీ పొట్లాలు, ఒకళ్ల మీద ఒకళ్లు బురద చల్లుకోవడాలు. మొదట్లో వాగు దాటితే చాలనుకునేవాళ్లు. దాటాక బురద చాలదనిపించింది. బురద అయ్యాక బండలు. ఏడాదికేడాది ఇంకొంచెం నిటారుగా ఉన్న కొండ కావలసొచ్చింది వాళ్లకి. అలా పోయి పోయి గొడ్డలి మెట్ట దగ్గర తేలారు. ఎక్కే దారికి ఎడమ పక్క రాతి గోడ, కుడి పక్క లోయ.

"వానలు వెళ్లనివ్వండ్రా" అన్నారు బోసుగారు. భార్గవ వినలేదు. "మీరు ముందుంటే వానేం చేస్తదండీ గురువుగారూ" అని ఆయన్నే ముందు మనిషిగా నిలబెట్టి ఎక్కించాడు.

మిగతా జీపులు కింద మలుపులో ఉన్నాయి. జరిగింది చూసినవాళ్లు ఇద్దరే. అందులో ఒకడు జీపుతోబాటు లోయలో పడ్డాడు.

కుందన ఆ వేళ కొండకి రాలేదు. పనిచేసే ఫ్లెక్సీల షాపులో అర్జెంటు ఆర్డరు ఉందని ఆగిపోయింది. అన్నయ్య అశ్రునివాళి ఫ్లెక్సీ కూడా ఆ షాపులోనే, ఆమే చేసింది. బాగున్న ఫొటో ఒక్కటే దొరికింది. అందులో భార్గవ జీపుకి ఆనుకుని నవ్వుతున్నాడు. కంప్యూటరు ముందు కూర్చుని జీపునంతా చెరిపేసింది. దేనికీ ఆనుకోకుండా ఒక పక్కకి వాలి నిలబడ్డట్టు మిగిలాడు మనిషి.

పదకొండో రోజున బోసుగారు కుందన వాళ్లింటికొచ్చారు. వాళ్లమ్మ ఆయన్ని గుమ్మంలోనే నిలేసింది.

"ఎటు చూపించావయ్యా నా కొడుక్కి? నీ చెయ్యే కదా వాణ్ని లోయలోకి తోలింది!"

వచ్చిన చుట్టాలందరూ వింటున్నారు. బోసుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పు నాదేనమ్మా" అన్నారు.

అంతే. మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి వాళ్లమ్మ పొద్దున్న లేస్తూ ఒకసారి, పడుకోబోతూ ఒకసారి ఆయన్ని తిట్టుకునేది. తిట్టుకున్నాక కొంచెం అన్నం తినేది.

జట్టు చెదిరిపోయింది. సాల్మన్ తన జీపుని జలపాతాలు చూడ్డానికొచ్చే టూరిస్టులకి తిప్పుకున్నాడు. కాకినాడ వాళ్ల జీపు పూలదండలు కట్టుకుని పెళ్లి ఊరేగింపుల్లోకి దిగింది. ఇంకొకాయన అమ్మేసి గోల్ఫు నేర్చుకుంటున్నాడని చెప్పుకున్నారు. బోసుగారు మళ్లీ ఏ జీపు ముందూ నిలబడలేదు. ఆదివారం ఆదివారం కొండల్లో ఒక్కరే నడిచేవారు.

కుందనకి కుదురుండేది కాదు. ఒకనాడు తిన్నగా సామిల్లుకి వెళ్లి అడిగేసింది.

"ఆ రోజు మీ చెయ్యి ఎటు చూపించిందండీ?"

"నడవగలవా?" అన్నారు ఆయన.

"దేనికి?"

"ఆదివారం రా."

వెళ్లింది. జవాబు చెప్తారేమోనని. చెప్పలేదు. నడిపించారు. తర్వాతి ఆదివారమూ అంతే. ఇంట్లో షాపు పని అని చెప్పి వెళ్లేది. జవాబు కోసం వెళ్తున్నానని తనకి తను చెప్పుకునేది. కానీ ఏ మట్టి కాలికి అతుక్కుంటుందో, ఏ రాయి కింద బోలుగా ఉంటుందో తెలియడం మొదలయ్యాక, ఆ తెలియడం కోసమే వెళ్లింది. ఏళ్లు గడిచాయి. పాత జీపొకటి కొని సాల్మన్ పెరట్లో పెట్టుకుంది. గేర్లు ఆయన నేర్పారు, క్లచ్ ఆయన నేర్పారు. ఆమె వంగి నడిపినప్పుడల్లా "లోపల కూర్చో అమ్మాయ్" అనేవారు. ఆ ఒక్కటీ వినేది కాదు.

ఈలలూ లేవు, పాటలూ లేవు. ఒక ముసలాయన, ఒక పిల్ల, అప్పుడప్పుడూ సాల్మన్. ఆ పిల్ల మనసులో ఒకటే పంతం.

ఒకరోజు అనేసింది. "వచ్చే ఆదివారం గొడ్డలి మెట్ట ఎక్కుతానండీ. ఒక్కదాన్నే."

సాల్మన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నీకేమన్నా పిచ్చెక్కిందా?"

"ఎక్కింది. మెట్ట ఎక్కి దిగితే దిగిపోద్ది."

బోసుగారు మెల్లిగా అడిగారు. "ముందు మనిషి?"

"అక్కర్లేదు."

"నేను నిలబడనా?"

అన్నేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. కుందనకి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదది.

"మీరా? మీరైతే అసలొద్దు."

ఆయన మొహం వాడిపోయింది. "సరే. నేనూ వస్తాను. చూడనిస్తావుగా" అన్నారు.

ఆదివారం పొద్దున్నే మెట్ట కిందకి చేరారు, ఇద్దరే. ఎండ ఇంకా రాళ్ల మీదకి రాలేదు. కుందన ఫోర్ వీల్ లివరు వేసింది. బోసుగారు దిగి ఆమె పక్కకి వచ్చారు.

"దిగు."

"ఎందుకండీ?"

"మొదట నేను నడుపుతాను. నువ్వు ముందు నిలబడు."

"నేనెప్పుడూ నిలబడలేదు కదా!"

"అందుకే."

ఆయన మెట్ట మీదకి పోలేదు. దాని మొదట్లో ఒక చిన్న మిట్ట ఉంది, అంతా రాళ్లు. ఎడమ పక్క బండ, కుడి పక్క నడుం లోతు గొయ్యి, దాన్నిండా ముళ్లపొదలు. అటు తిప్పారు జీపుని.

కుందన ముందుకెళ్లి జీపుకేసి తిరిగింది. తిరగ్గానే ఆశ్చర్యపోయింది. అక్కణ్నుంచి అన్నీ కనిపిస్తున్నాయి. నాలుగు టైర్లూ, వాటి కింద రాళ్లూ, కుడి పక్క మన్ను ఎక్కడ మెత్తబడిందో అదీ. లోపల కూర్చుని అన్నేళ్లు ఒక్క టైరు కోసం అంత వంగిందా!

ఎడమకి చూపించింది. జీపు ఎడమకి వచ్చింది. రమ్మంది. వచ్చింది. అద్దం వెనక బోసుగారి కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి. గోరుముద్ద కోసం చూసే పసివాడి కళ్లలా ఉన్నాయవి. ఆమెకి ధైర్యం వచ్చింది. ఇంతేనా, అనుకుంది.

మిట్ట సగంలో ముందు టైరు జారింది.

పెద్ద జారుడేం కాదు. ఒక్క క్షణం చేతులకేసి చూస్తూ ఆగితే సరిపోయేది. కానీ బోసుగారి కళ్లు ఆమె మీంచి పోయాయి. ఎడమ చెయ్యి స్టీరింగు మీద ఉంచి, నడుం దాకా బయటికి వంగి, టైరుకేసి చూడసాగారు.

కుందన పిడికిలి ఎత్తింది.

ఆయన చూడలేదు. మనిషి ఎటు వంగాడో స్టీరింగూ అటే తిరుగుతోంది, కుడికి, మెత్తటి మన్ను కేసి. ఆమె పిడికిలి ఇంకా పైకెత్తి, మునివేళ్ల మీద లేచి ఊపింది. "ఆపండీ! ఇటు చూడండీ!" అని అరిచింది. ఆ అరుపు ఆమెకే సరిగ్గా వినపడలేదు. పరిగెత్తాలనుకుంది. జీపుకీ ఆమెకీ మధ్య ఉన్నది నాలుగు బారలే. కాళ్లు కదిలేలోగా కుడి టైరు అంచు దాటింది.

జీపు గోతిలోకి ఒరిగి, ముళ్లపొదల మీద ఆగి, ఇంజను ఆరిపోయింది.

కుందన పరుగున వెళ్లింది. బోసుగారు స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నారు. నుదుటి మీద ముల్లు గీరి నెత్తురు చిమ్మింది. అంతకుమించి ఏమీ కాలేదు.

భయమంతా కోపమై బయటపడింది ఆమెకి.

"కనపడలేదా మీకు? ఎంత పైకి ఎత్తి పట్టుకున్నాను! నా చేతికేసి చూడకుండా ఎక్కడ చూస్తున్నారండీ అసలు?"

"టైరుకేసి" అన్నారు బోసుగారు.

"అలా వంగితే నేనెంత చూపించి ఏం లాభం? నేనేం చెయ్యగలను? చెయ్యి ఎత్తగలను గానీ మీ తల తిప్పగలనా? మీరు..."

అక్కడ ఆగిపోయింది.

బోసుగారు జేబులోంచి రుమాలు తీసి నుదుటికి అద్దుకున్నారు. మెట్ట మీద ఎక్కడో ఒక పిట్ట కూస్తోంది.

అన్నయ్యకి అలా వంగే అలవాటుందని ఆమెకి తెలుసు. తీసిన వీడియోల నిండా అదే. ఆ వంగడం చూసే కదూ ఈలలేసింది! తనకి ఆ వంగడం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది.

కుందన రాళ్ల మీద కూలబడింది. మోకాళ్లలో తలపెట్టుకుని ఏడ్చింది. పదకొండో రోజున కూడా అంత ఏడవలేదు. బోసుగారు దిగి వచ్చి పక్కన నిలబడ్డారు. ఊరుకోమనలేదు.

ఎండ మిట్ట మీదకి వచ్చాక ఇద్దరూ కలిసి బండకి తాడు కట్టి, తాడు చుట్టే వించి తిప్పి, జీపుని పైకి లాగారు. చాలాసేపు పట్టింది. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది తాడు గురించే.

కుందన డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎదురుగా గొడ్డలి మెట్ట నిటారుగా ఉంది.

"కిందికి పోదామండీ" అంది.

"పోదాం."

జీపుని తిప్పింది. బోసుగారు నడిచి ముందుకెళ్లారు. భార్గవ పోయిన తర్వాత ఆయన ఒక జీపు ముందు నిలబడటం అదే మొదలు. వెళ్లినవారు నాలుగు బారల దూరంలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి బానెట్టు మీద చెయ్యి వేశారు.

"అమ్మాయ్."

"ఊఁ."

"భార్గవ వంగిన సంగతి మీ అమ్మతో మాత్రం అనకు."