ముళ్ళపందుల ఇంట్లో అలక మూల

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ వెనక నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి, చాప మీద ఇంకా చోటుంది. మోకాలు మోకాలుకి తగిలిందని ఈ కాసేపు ఎవరూ గొడవ పడకూడదు. కథలో బోలెడు గొడవలున్నాయి, అవి చాలు.

అనగనగా ఒక అడవిలో, ఈత పొదల వెనక ఒక మట్టిదిబ్బ ఉండేది. ఆ దిబ్బ కింద ముళ్ళపందుల ఇల్లు. ఇంట్లో నలుగురు. సింగమ్మ అవ్వ, ఆమె కొడుకు చుక్కయ్య, కోడలు పైడమ్మ, వాళ్ళ చిన్నారి కూతురు బుడ్డి.

ఆ ఇల్లు ఒక్కరు తవ్వింది కాదు. అవ్వ అత్తగారి కాలం నుంచీ కొంచెం కొంచెం తవ్వుకుంటూ వచ్చారు. బండ అడ్డొస్తే పక్కకు తిరిగారు. వేరు అడ్డొస్తే కిందికి దిగారు. అందుకని ఇంట్లో తిన్నని గోడ ఒక్కటీ లేదు. ఎక్కడ చూసినా వంపులు, సందులు, గూళ్ళు. తునికిచెట్టు వేరు కింద బుడ్డి మాత్రమే పట్టే సందు ఒకటి. మధ్యాహ్నం పూట ఎక్కడినుంచో దారమంత వెలుగు జారే గూడు ఒకటి. గోడకు చెవి ఆనిస్తే పైన జింకలు నడుస్తున్న చప్పుడు వినపడే చోటు ఇంకొకటి. బుడ్డికి అవన్నీ ప్రాణం.

అన్నిటికంటే లోపల, పడకగది వెనక, గుండ్రటి మూల ఒకటుంది. ఒక్కరే పడతారు. దాని పేరు అలక మూల.

నవ్వకండి. ముళ్ళపందికి కోపం వస్తే ఒంటిమీద ముళ్ళన్నీ లేచి నిలబడతాయి కదా? ఇరుకింట్లో ఒకరి ముళ్ళు లేస్తే పక్కవాళ్ళకు గుచ్చుకుంటాయి. గుచ్చుకుంటే వాళ్ళకూ కోపం వస్తుంది. వాళ్ళ ముళ్ళూ లేస్తాయి. అందుకే ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. అలిగినవాళ్ళు ఆ మూలలోకి వెళ్ళి కూర్చోవాలి. వాళ్ళంతట వాళ్ళు వచ్చేదాకా ఎవరూ పలకరించకూడదు. వచ్చాక కూడా, ఎందుకు అలిగావని అడగకూడదు.

ఒక ఎండాకాలం, ఎండ దెబ్బకు తట్టుకోలేక ఒక కుందేలు ఆ ఇంట్లోకి దూరింది.

"ఏం బావా చుక్కయ్యా, ఇది ఇల్లా, చీమల పుట్టా? నీ దగ్గరికి వచ్చేలోపల నా తల మూడుసార్లు కొట్టుకుంది!" అంది.

"పాతకాలపు ఇల్లు బావా," అన్నాడు చుక్కయ్య.

"ఆ వెనక మూల దేనికి?"

"అలగడానికి."

కుందేలు పొట్ట పట్టుకుని నవ్వింది. "అలగడానికి ఒక గదా! పదిమందిలో చెప్పకు బావా, పరువు పోతుంది. చక్కగా ఇంటిని తిన్నగా చేసుకో. దుంపలు దాచే గది పెద్దది చేసుకో. ఎండాకాలమంతా కాళ్ళు చాపుకుని తినొచ్చు."

ఆ కుందేలుకు ఇల్లంటూ లేదు. ఎక్కడ గడ్డి ఉంటే అక్కడే పడక. అయినా చుక్కయ్యకు ఆ నవ్వు మనసులో గుచ్చుకుంది.

కుందేలు వెళ్ళగానే పని మొదలుపెట్టాడు. దుంపల గది వెడల్పు చేశాడు. తవ్విన మట్టిని అలక మూలలో కూరి, కాళ్ళతో తొక్కి గట్టి చేశాడు. ఒకటి పూడ్చాక అతని చేతులు ఊరుకోలేదు. వేరు కింద సందు పూడ్చాడు. వెలుగు పడే గూడు పూడ్చాడు. జింకల చప్పుడు వినపడే చోట కూడా మట్టి మెత్తేశాడు.

"దుంపలకు ఎక్కడైనా చోటు దొరుకుతుందిరా. అలకకు ఎక్కడ దొరుకుతుంది?" అంది సింగమ్మ అవ్వ.

"నీ చాదస్తం ఆపమ్మా. అందరూ అలగడం మానేస్తే సరి!" అన్నాడు చుక్కయ్య.

అవ్వ ముళ్ళు కాస్త లేచాయి. వెళ్ళడానికి చోటు లేదు. మెల్లగా దించుకుని ఊరుకుంది.

ఇల్లు తిన్నగా తయారైంది. ఆ తర్వాత ఏమైందో వినండి.

మొదట చుక్కయ్యకూ పైడమ్మకూ మాట పెరిగింది. "తీపి దుంప నాకు ఉంచుతానన్నావు, ఏదీ?" అంది పైడమ్మ. "నువ్వు నిద్రపోతున్నావు, నాకు ఆకలేసింది," అన్నాడు చుక్కయ్య. ఇద్దరి ముళ్ళూ లేచాయి. పైడమ్మ ఇటు తిరిగింది, అతని ముక్కుకు గుచ్చుకుంది. అతను అటు తిరిగాడు, ఆమె చెవికి గుచ్చుకుంది.

తర్వాత అత్తాకోడళ్ళ వంతు. "నా పడక మీద మట్టి ఎవరు దులిపారు?" అని అవ్వ, "అక్కడ పడుకోమని మీకెవరు చెప్పారత్తా?" అని కోడలు. ఇద్దరూ చెరో గోడకు తిరిగి ముళ్ళు విప్పుకుని పడుకున్నారు. మధ్యలో బుడ్డికి ఒళ్ళు వాల్చే చోటు లేక నిలబడే కునుకు తీసింది.

మూడోసారి బుడ్డికే కోపం వచ్చింది. దానికి ఒక జింక కొమ్ము ముక్క ఉండేది. ఎంతో అపురూపంగా దాచుకుంది. ముళ్ళపందులకు ఎముకలూ కొమ్ములూ కొరికే అలవాటు కదా, చుక్కయ్య ఏదో ఆలోచిస్తూ దాన్ని కరకరా కొరికేశాడు.

"నాన్నా, అది నాది!"

"కొమ్ము ముక్క కోసం ఏడుపేమిటే? ముళ్ళు దించు, గుచ్చుకుంటున్నాయి. అవతలికి పో!"

అవతలికి అంటే ఎక్కడికి? వేరు కింద సందు లేదు. గూడు లేదు. మూల లేదు. పెద్దవాళ్ళు నిద్రపోయేదాకా ఆగి, బుడ్డి మిట్టమధ్యాహ్నం గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయింది. ఒక తుప్ప పక్కన వీపు తిప్పుకుని కూర్చుంది.

ముళ్ళపందులు పగలు బయట తిరగవు. పైగా బుడ్డి ముళ్ళు ఇంకా లేతవి, చీపురు పుల్లల్లాంటివి. అటుగా మూడు రేచుకుక్కలు వచ్చాయి. అవి మందగా వేటాడే అడవి కుక్కలు.

"ఇదేమిటిది, పగటిపూట తిండి మన దగ్గరికే నడిచొచ్చింది!" అంది ఒకటి.

లోపల సింగమ్మ అవ్వ కళ్ళు తెరిచింది. పక్కన మనవరాలు లేదు. అవ్వ పరుగు తీసింది.

"అమ్మా, ఈ ఎండలో ఎక్కడికి?" అన్నాడు చుక్కయ్య నిద్రమత్తులో.

"పిల్ల అలిగి బయటికి పోయిందిరా!"

అవ్వ బయటికి వచ్చి చూసింది. కుక్కలు బుడ్డి చుట్టూ తిరుగుతున్నాయి. అవ్వ వీపు తిప్పింది. ముళ్ళన్నీ విప్పింది. వెనక్కి వెనక్కి నడుస్తూ కుక్కల మీద పడింది. మొదటి కుక్క మూతి నిండా ముళ్ళు దిగాయి. రెండోది అవ్వ ముందుకాలు కరిచింది. అవ్వ కదల్లేదు. ఇంకో సుడి తిరిగి దాని మెడకు ముళ్ళు దించింది. మూడోది ఆ రెండింటి గోల విని ముందే పారిపోయింది, ఆ రెండూ మూలుగుతూ దాని వెనకే పోయాయి.

చుక్కయ్య, పైడమ్మ రొప్పుకుంటూ వచ్చారు.

"ఇంటికి పద తల్లీ," అన్నాడు చుక్కయ్య.

"రాను. వచ్చి ఎక్కడ కూర్చోను?" అంది బుడ్డి.

కరిచిన కాలు నాకుకుంటూ కూర్చున్న అవ్వ లేచింది.

"నేను చూపిస్తా పద," అంది. కుంటుకుంటూ లోపలికి నడిచి, పూడ్చిన అలక మూల దగ్గర తవ్వడం మొదలుపెట్టింది.

ఎండకు ఆ మట్టి రాయిలా బిగుసుకుంది. గోరు దిగడం లేదు.

"అమ్మా, కాలు చూడు, రక్తం కారుతోంది. వానలు పడి మట్టి మెత్తబడ్డాక నేనే తవ్విపెడతాను," అన్నాడు చుక్కయ్య.

"అలక వానల దాకా ఆగుతుందట్రా?" అంది అవ్వ. గోరు విరిగింది. రెండో కాలితో తవ్వింది. ఆ కాలు నొప్పెడితే పళ్ళతో గీకింది. బుడ్డి వచ్చి మట్టిని వెనక్కి తోసింది. పైడమ్మ వచ్చి అత్త పక్కన నిలబడి తవ్వింది.

చివరికి చుక్కయ్య వచ్చాడు. "అమ్మా, నాకు నా మీదే కోపంగా ఉంది," అన్నాడు.

"అయితే బాగా తవ్వుతావు, రా!" అంది అవ్వ.

మరునాడు కుందేలు మళ్ళీ వచ్చింది. "ఇదేం పని బావా? చక్కటి ఇంటిని మళ్ళీ వంకర చేస్తున్నారా?"

"బావా, నీకు అలకొస్తే ఏం చేస్తావు?" అని అడిగాడు చుక్కయ్య, తవ్వడం ఆపకుండా.

"ఏముంది, ఈ కొండ నుంచి ఆ కొండకు పరిగెడతాను."

"మా కాళ్ళు పొట్టివి బావా," అన్నాడు చుక్కయ్య.

కుందేలు తన పొడుగాటి కాళ్ళవైపు చూసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తవ్వగా తవ్వగా మూల తయారైంది. మునుపటంత గుండ్రంగా లేదు. ఒక పక్క సొట్ట కూడా పడింది. బుడ్డి ఎగిరి లోపలికి దూకబోయింది.

"ఆగవే, ముందు నేను," అంది అవ్వ.

"నీకేం అలక అవ్వా?"

"నాది చాదస్తం అన్నారు. ఆ రోజే అలగాల్సింది. చోటు లేక ఇన్నాళ్ళూ ఆపుకున్నాను." అవ్వ లోపలికి వెళ్ళి, వీపు ఇటు తిప్పి, ముళ్ళన్నీ హాయిగా విప్పుకుని కూర్చుంది.

చుక్కయ్య "అమ్మా" అనబోయాడు. పైడమ్మ అతనివైపు చూసింది. నోరు మూసుకున్నాడు. అక్కడే, మూల బయట కూర్చున్నాడు. పొద్దు వాలింది. మేతకు వెళ్ళే వేళైంది. అయినా లేవలేదు.

చాలాసేపటికి లోపలినుంచి గలగలమని చిన్న చప్పుడు వినిపించింది. ముళ్ళు ఒక్కొక్కటే వాలుతున్న చప్పుడు. అవ్వ బయటికి వచ్చింది. కొడుకు ముఖం చూసింది.

"ఆకలేస్తోందిరా చుక్కా, పద," అంది.

నీతి: ఇంట్లో అందరూ కలిసి కూర్చునే చోటు ఎంత అవసరమో, ఒక్కరే కాసేపు కూర్చునే మూల కూడా అంతే అవసరం, అందుకే పనికిరాదని ఏ మూలనైనా పూడ్చేముందు, అక్కడ ఎవరు కూర్చుంటారో అడగాలి.

సరే, ఇక లేవండి. చాప దులిపి చుట్టి పెట్టండి. మీ ఇళ్ళలో అన్నాలు వండి ఎదురుచూస్తూ ఉంటారు, పోయి కడుపునిండా తినండి. దారిలో ఒకరినొకరు తోసుకోకండర్రా, మెల్లగా వెళ్ళండి.