నూకరత్నం దిగనన్న సీటు

చోడవరం బస్టాండు వెనక కన్నంనాయుడు అనే కారు మెకానిక్కు ఉండేవాడు. పనిలో దిట్ట, కానీ ఎదుటివాళ్ల మాటను సగంలోనే తుంచేసేవాడు.

"బండి పొద్దున పూట..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు, "బ్యాటరీ" అనేవాడు. "బ్రేకు వేసినప్పుడు..." అంటే, "తెలుసు, అక్కడ పెట్టి వెళ్లు" అనేవాడు. చాలాసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది. అదే అతన్ని చెడగొట్టింది.

షెడ్డు గుమ్మంలో అడ్డంగా ఒక పసుపు గీత గీయించాడు. తాళాలు పనివాళ్లకు ఇచ్చి, బండి గలవాళ్లు ఆ గీత బయటే ఆగిపోవాలి. "ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టరు చుట్టాలను పక్కన కూర్చోబెట్టుకుంటాడా?" అని అడిగేవాడు. వచ్చినవాళ్లు షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఉండేవారు.

ఆ ఊళ్లోనే నూకరత్నం కారు నడిపేది. కిడ్నీలు పాడైన నలుగురిని రోజు విడిచి రోజు విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లేది. రక్తం శుద్ధి అయ్యేదాకా అక్కడే ఉండి, తిరిగి తెచ్చి ఎవరి గుమ్మం దగ్గర వాళ్లను దింపేది. ఆమెకు నడుము నొప్పి ఉండేది. వెన్నుపూస జారిందని డాక్టరు చెప్పాడు. స్టీరింగు వదిలెయ్యమని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆమె వదల్లేదు. పట్నంలో ఎవరో వాడి అమ్ముకుంటున్న పెద్ద కారు ఒకటి వెతికి మరీ కొన్నది. దాని డ్రైవరు సీటు నడుమును మర్దనా చేస్తుంది.

ఆ సీటు వీపు లోపల చిన్న చిన్న గాలితిత్తులు ఉంటాయి. అడుగున ఉన్న పంపు సన్నటి గొట్టాల గుండా వాటిలోకి గాలి పంపుతుంది. ఒకటి ఉబ్బుతుంది, తగ్గుతుంది. దాని పైది ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఎవరో వెనక కూర్చుని బొటనవేళ్లతో నొక్కుతున్నట్టు ఉంటుంది. అది ఆడుతున్నంతసేపూ నూకరత్నం హాయిగా నడిపేది. అది ఆగిన రోజు ఆసుపత్రి చేరేసరికి కారులోంచి దిగలేకపోయింది. రోగులే ఆమె చెయ్యి పట్టుకుని దింపారు.

మర్నాడు కన్నంనాయుడి దగ్గరికి వెళ్లింది.

"నాయుడుగారూ, సీటు ఆగిపోయింది. మొన్న మీ దగ్గర కాళ్ల కింద కొత్త మ్యాటు..."

"ఫ్యూజు" అన్నాడు కన్నంనాయుడు. "బయట కూర్చో అమ్మా."

ఫ్యూజు మార్చాడు. కన్నంనాయుడు ఆరడుగుల మనిషి. మోకాళ్లు ఇరుక్కోకుండా సీటును వెనక్కి జరుపుకుని, కూర్చుని, బటన్ నొక్కాడు. సీటు ఆడింది. "తీసుకుపో" అన్నాడు. బస్టాండు మలుపు తిరిగేలోగా నూకరత్నం వీపు వెనక సీటు చప్పబడిపోయింది.

మళ్లీ వచ్చింది.

"మీరు కూర్చుంటే ఆడుతోంది, నేను కూర్చుంటే..."

"పంపు నీరసించింది" అన్నాడు కన్నంనాయుడు. పట్నం నుంచి పంపు తెప్పించి బిగించాడు. మళ్లీ సీటును వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. సీటు ఆడింది. తీసుకుపొమ్మన్నాడు. ఈసారి బస్టాండు మలుపు దాకా కూడా పోలేదు.

మూడోసారి వచ్చేసరికి సాయంత్రమైంది. తెల్లవారితే ఆసుపత్రి రోజు. షెడ్డు ముందు బల్ల మీద దాలినాయుడు కూర్చుని ఉన్నాడు. అతనిది జీపు. నూకరత్నం మానుకుంటే ఆ నలుగురినీ తన జీపులో తిప్పాలని అతని ఆశ. దారి పొడుగునా ఆపి, దొరికినవాళ్లనల్లా ఎక్కించుకుంటాడని అతనికి పేరు. సూదిపోట్లతో సోలిపోయి వచ్చేవాళ్లు ఆ జీపులో ఏమైపోతారో నూకరత్నానికి తెలుసు.

నూకరత్నం మాట మొదలుపెట్టగానే కన్నంనాయుడు చెయ్యి అడ్డం పెట్టి, ఎప్పటిలా సీటును వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. సీటు ఎప్పటిలా ఆడింది. అతను దిగి, చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, సీటులో దోషమేమీ లేదు. దోషం నీ నడుములో ఉంది."

బల్ల మీద నవ్వులు లేచాయి.

"కొందరు కూర్చుంటే కుర్చీకే నడుం నొప్పి వస్తుందక్కా" అన్నాడు దాలినాయుడు. "పోనీ రేపటి ట్రిప్పు నాకు వదిలెయ్. నువ్వు ఇంట్లో వేడినీళ్ల కాపడం పెట్టుకో."

నూకరత్నం నవ్వలేదు. పనివాడి చేతిలోంచి తాళాలు తీసుకుంది. పసుపు గీత దాటి లోపలికి నడిచింది. కారు ఎక్కి, సీటును ముందుకు జరుపుకుని తలుపు వేసుకుంది.

"అమ్మా, గీత కనపడలేదా?" అన్నాడు కన్నంనాయుడు.

"కనపడింది."

"మరి దిగు."

"దిగను. మీరు మూడుసార్లు నా మాట తుంచేశారు. నాలుగోసారి మొత్తం విన్నాకే దిగుతాను."

"బండి బయటికి తీసుకుపో తల్లీ, వెనక లారీ ఆగింది."

"లారీకి నోరుంది, హారను కొట్టుకుంటుంది. నా నడుముకు నోరు లేదు. దాని తరఫున నేనే మాట్లాడాలి."

కన్నంనాయుడికి మండిపోయింది. "తొయ్యండిరా బండిని" అన్నాడు. పనివాళ్లు ఇద్దరు ముందుకు వచ్చారు. నూకరత్నం హ్యాండ్‌బ్రేకు లాగి, అద్దం సగం దించింది.

"తొయ్యండి నాయనా. మీ నడుములు పట్టేస్తే ఈ సీటు మీకూ పనికి రాదు, అది ఆడటం లేదు."

పనివాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. బయట లారీ హారను మోగుతోంది. దాని వెనక రెండు ఆటోలు చేరాయి. షెడ్డులో పని మొత్తం ఆగిపోయింది. "ఆవిడ చెప్పేదేదో వినెయ్యవయ్యా" అని లారీ డ్రైవరు అరిచాడు.

కన్నంనాయుడు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి వచ్చి, కారు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు."

"మధ్యలో మాట్లాడకూడదు."

"మాట్లాడను. చెప్పు."

"మొన్న మీ దగ్గర కాళ్ల కింద కొత్త మ్యాటు వేయించాను. ఆ మర్నాటి నుంచే ఇలా అవుతోంది. మీరు కూర్చుంటే ఆడుతుంది, నేను కూర్చుంటే ఆడదు. పంపు రొద మాత్రం వినపడుతూనే ఉంటుంది. గాలి నా వీపు దాకా రాదు. ఎందుకో నాకు తెలియదు, అది తెలియాల్సింది మీకు. కానీ ఆడటం లేదన్నది నాకు తెలుసు. కాదని ఈ షెడ్డంతా చెప్పినా నేను ఒప్పుకోను."

కన్నంనాయుడు నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. ఆమె కూర్చున్న తీరు వైపు చూశాడు. నూకరత్నం పొట్టి మనిషి. సీటు స్టీరింగుకు ఆనుకున్నంత ముందుకు ఉంది. తాను కూర్చున్నప్పుడు అది ఎక్కడ ఉండేదో అతనికి అప్పుడు తట్టింది.

"అమ్మా, బటన్ నొక్కు" అన్నాడు.

నొక్కింది. పంపు రొద పెట్టింది. సీటు కదల్లేదు. ఆ షెడ్డులో సీటు ఆడకపోవడం కన్నంనాయుడు చూడటం అదే మొదలు.

టార్చి తీసుకుని బోర్లా పడుకున్నాడు. "మెల్లగా వెనక్కి జరుపు" అన్నాడు. సీటు వెనక్కి జరిగింది. కింద ఉస్సుమని గాలి పరుగెత్తింది, తిత్తులు ఉబ్బాయి. "ఇప్పుడు ముందుకు." సీటు ముందుకు వచ్చింది. దాని కింది గాలిగొట్టం మడతపడి, సీటు జరిగే పట్టాకూ మ్యాటు అంచుకూ మధ్య నలిగింది. గాలి ఆగిపోయింది.

అతను మ్యాటు అంచును వేళ్లతో తడిమి చూశాడు. ఆ మ్యాటు వేసింది అతని షెడ్డే. గొట్టం మీద అంచు ఎక్కించి వదిలేసింది అతని మనుషులే.

లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు. "సీటు విప్పాలి. ఇప్పుడు దిగుతావా అమ్మా?"

"మీరు అడిగారు కాబట్టి దిగుతాను. పొమ్మన్నందుకైతే దిగేదాన్ని కాదు."

ఆమె దిగింది. గీత బయటికి మాత్రం వెళ్లలేదు. స్టూలు లాక్కుని కారు పక్కనే కూర్చుంది. ఎవరూ వెళ్లమనలేదు.

సీటు కింద, ప్రమాదం జరిగితే విచ్చుకునే గాలిసంచి వైరు కూడా ఉంటుంది. అందుకని కన్నంనాయుడు ముందుగా బ్యాటరీ తీగ విప్పి కొంతసేపు ఆగాడు. తర్వాత సీటు విప్పి పక్కకు వాల్చాడు. గొట్టానికి సబ్బు నురగ రాసి, ఒక కొస మూసి, రెండో కొస నుంచి గాలి కొట్టాడు. నలిగిన చోట చిన్న చిన్న బుడగలు లేచాయి. అంతవరకూ కోసేసి కొత్త ముక్క అతికించాడు. గొట్టాన్ని పట్టాకు దూరంగా తప్పించి క్లిప్పు వేశాడు. మ్యాటు అంచు కత్తిరించాడు. సీటు బిగించి, బ్యాటరీ కలిపి, అలవాటుగా తానే కూర్చోబోయాడు. ఒక కాలు లోపల పెట్టినవాడు ఆగి, వెనక్కి తీశాడు.

"నువ్వు కూర్చో అమ్మా. నేను కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

నూకరత్నం కూర్చుంది. సీటును ముందుకు, ఇంకా ముందుకు జరుపుకుంది. బటన్ నొక్కింది. నడుము వెనక మొదటి తిత్తి ఉబ్బింది. దాని పైది, ఆ పైది. ఆమె కళ్లు మూసుకుని, వీపు వెనక్కి వాల్చింది.

తర్వాత కళ్లు తెరిచి, "నా పాత పంపు ఎక్కడ?" అంది.

"పాతదా? అదెందుకు?"

"అది చెడిపోలేదు కదా. చెడిపోయిందన్నది మీరు. నాది నాకు బిగించి, మీది మీరు తీసుకోండి."

కన్నంనాయుడు పాత ఇనుము గుట్టలో వెతికి ఆ పంపు తెచ్చాడు. దాన్నే మళ్లీ బిగించాడు. ఆ పని అవుతుండగా బల్ల మీది వాళ్లు వినేలా, "దోషం ఆవిడ నడుములో లేదయ్యా, నా చెవిలో ఉంది" అన్నాడు. ఈసారి నవ్వు తక్కువగా వచ్చింది. నవ్వినవాళ్లు కూడా నూకరత్నం వైపు చూడకుండా నవ్వారు.

పంపు బిగించడం అయ్యాక ఆమె మరోసారి బటన్ నొక్కి చూసుకుంది. సీటు ఆడింది. ఆమె కారును బయటికి తీసింది. లారీ వెనక్కి జరిగి దారి ఇచ్చింది.

దాలినాయుడు బల్ల మీద నుంచి లేచి వచ్చాడు. "అయితే రేపటి ట్రిప్పు నాకు లేనట్టేనా అక్కా?"

"రేపూ లేదు, ఆ తర్వాతా లేదు" అంది నూకరత్నం.

తెల్లవారాక ఆ నలుగురూ ఎప్పటిలా ఆమె కారులోనే ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ నూకరత్నం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, వాళ్ల తలుపులు తానే తెరిచింది.

నీతి: తాను పడుతున్న బాధ నిజమని తెలిసిన మనిషి, ఎంతటి నేర్పరి కాదన్నా తన మాట మీద నిలబడాలి, ఆ మాట చివరిదాకా విననివాడు ఎంత నేర్పరి అయినా తప్పే చెబుతాడు.