ఉల్లంకి దించని కాలు

ఒకప్పుడు ఒడ్డు పిట్టలన్నీ బుద్ధిగా రెండు కాళ్ల మీదే నిలబడేవి. కొంగా అంతే, ఉల్లంకీ అంతే. ఉల్లంకి అంటే మీ గుప్పెట్లో పట్టేంత పిట్ట. దానిది ఇసుక రంగు వీపు, తెల్లటి పొట్ట, అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. ఆ రోజుల్లో ఏ పిట్టయినా ఒంటికాలి మీద కనిపిస్తే, పాపం ముల్లు గుచ్చుకుందేమో అని మిగతా పిట్టలు పరామర్శకు వచ్చేవి.

సముద్రానికి కూడా అప్పట్లో ఒక వేళంటూ లేదు. బుద్ధి పుడితే ఒడ్డుకు వచ్చేది, విసుగు పుడితే పోయేది. నాలుగు రోజులు మొహం చూపించకపోయినా అడిగే దిక్కు లేదు.

ఆ ఒడ్డున అసిరమ్మ, దానమ్మ అని ఇద్దరు స్నేహితురాళ్లు ఉండేవారు. వాళ్ల మగవాళ్లు పడవ మీద వేటకు పోయి చేపలు తెస్తే, వీళ్లు ఆ చేపల్ని ఇసుక మీద ఎండబెట్టేవారు. చేపల్ని నాలుగేసి చొప్పున లెక్కపెట్టేవారు. నాలుగు చేపలు ఒక పుంజీ. ఈ చేత్తో రెండు తోకలు, ఆ చేత్తో రెండు తోకలు పట్టుకుని గంపలో పడేసి "ఒక పుంజీ" అనేవారు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. పుంజీ నిండకుండా లెక్క ముగించకూడదు. చివరికి మూడే చేపలు మిగిలితే, నాలుగోది వచ్చేదాకా లెక్క పైకి చెప్పకూడదు, గంప ఎత్తకూడదు. ఒకసారి దానమ్మ ఒక్క చేప కోసం గంప పక్కన పొద్దుగూకేదాకా కూర్చుంది. ఇంట్లో పొయ్యి వెలగలేదని మొగుడు అలిగాడు. అలిగితే అలిగాడు గానీ దానమ్మ లేవలేదు. ఆ రోజు గంప చుట్టూ తిరుగుతూ రాలిన పొలుసులు ఏరుకున్నది ఒక ఉల్లంకి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అడుగుతాను.

ఒకరోజు సముద్రానికీ ఇసుకకూ తగువు వచ్చింది. పిట్టలన్నీ నా నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడతాయి కాబట్టి నావే అంది సముద్రం. నీళ్ల కింద ఉన్నది నేను కాదా, నా మీద గాక గాలి మీద నిలబడ్డాయా అంది ఇసుక. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరికీ పని లేదు. మాట మీద మాట పెరిగి పందెం దాకా వచ్చింది.

పందెం ఏమిటంటే, ఒక రోజంతా పిట్టల్ని చూడాలి. పొద్దుగూకే వేళకు ఎవరి వైపు ఎక్కువ కాళ్లు ఉంటే ఒడ్డంతా వాళ్లదే. తలలు లెక్కపెడదామంటే సగం పిట్టలు తల రెక్క కింద దూర్చి కునుకు తీస్తుంటాయి. అందుకని కాళ్లే ఖాయం చేసుకున్నారు.

సముద్రం గెలిస్తే గుడిసెల దాకా వచ్చి కూర్చుంటుంది, మళ్లీ కదలదు. ఇసుక గెలిస్తే సముద్రం కనుచూపు మేర వెనక్కి పోవాలి, మళ్లీ రాకూడదు. సమానమైతే ఇద్దరూ కుస్తీ పట్టి తేల్చుకుంటారు. వాళ్లిద్దరూ కుస్తీ పడితే దాన్నే మనం తుఫాను అంటాం.

లెక్క చూడ్డానికి అసిరమ్మనీ దానమ్మనీ పిలిచారు. సముద్రం మాట కాదంటే వేట లేదు, ఇసుక మాట కాదంటే చేపలు ఎండబెట్టే చోటు లేదు. పాపం, ఇద్దరూ తల ఊపారు. ఊపాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా లెక్కే, మా కట్టుబాటే నడవాలని మాత్రం అడిగారు. సముద్రం సరేనంది, ఇసుకా సరేనంది. ఆ కట్టుబాటు ఏమిటని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

తెల్లారగానే స్నేహితురాళ్లు చెరో గంపా, ఒక చద్దన్నం మూటా పట్టుకుని ఒడ్డుకు వెళ్లారు. నీళ్లలోని కాళ్లు దానమ్మ వంతు, ఇసుక మీది కాళ్లు అసిరమ్మ వంతు. నాలుగు కాళ్లు ఒక పుంజీ, పుంజీకి ఒక గవ్వ గంపలో వేయాలి. ఇందులో కష్టమేముంది, మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు అనుకున్నారు.

దానమ్మ పది గవ్వలు వేసేసరికి అల వెనక్కి పోయింది. నీళ్లలో ఉన్న కాళ్లన్నీ ఇసుక మీదికి వచ్చాయి. దానమ్మ పది గవ్వలూ తీసేసింది, అసిరమ్మ పది గవ్వలు వేసింది. అంతలో అల వచ్చింది. అసిరమ్మ తీసింది, దానమ్మ వేసింది. ఇలా తీయడం వేయడం సాగుతుండగా ఎక్కడినుంచో ఒక గూడబాతు వచ్చి నీళ్ల మీద వాలింది.

ఇప్పుడు ఈ గూడబాతు కాళ్ల సంగతేమిటి? నీళ్లలో ఉన్నాయి కాబట్టి సముద్రానివే అంది దానమ్మ. కింద నేలకు తగల్లేదు కాబట్టి నిలబడినట్టు కాదంది అసిరమ్మ. గూడబాతునే అడిగారు. నా కాళ్లు ఎక్కడున్నాయో నేనెప్పుడూ చూసుకోలేదు అని అది సంచీ మూతి తెరిచి ఆవులించింది.

ఇది చాలదన్నట్టు గంపలో గవ్వలు తగ్గిపోవడం మొదలైంది.

"ఒలే అసిరమ్మా, నేను పదకొండేసినాను. ఏడే ఉన్నాయేటే?" అంది దానమ్మ.

"నా గంపలోనూ తగ్గినాయి. ఎవులు తీస్తన్నారో నాకేటీ తెల్దే," అంది అసిరమ్మ.

ఎవరూ తీయడం లేదు. వీళ్లు తొందరలో ఏరిన గవ్వల్లో సగం చిన్న చిన్న పీతలు కాపురం ఉంటున్న గవ్వలు. అవి గంప అంచెక్కి దిగి, గవ్వను వీపున వేసుకుని ఎవరి దారిన అవి పోతున్నాయి. లెక్కకు కాళ్లొచ్చి నడిచిపోవడం ఈ ఇద్దరూ అదే మొదటిసారి చూడటం. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. నేనైతే ఆ గంపలు అక్కడే పడేసి వచ్చేసేదాన్ని.

పారిపోతున్న గవ్వ వెంట అసిరమ్మ పొడి ఇసుకలోకి వెళ్లింది. ఉన్నట్టుండి ఒక ఉల్లంకి ఆమె ముందుకొచ్చి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు పాకసాగింది. అసిరమ్మ జాలిపడి దాని వెంట పోయింది. వెనకే వస్తున్న దానమ్మ మాత్రం కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ఆమె అడుగు పడబోయిన చోట చిన్న గుంటలో మచ్చలున్న గులకరాళ్లు మూడు ఉన్నాయి.

ఉల్లంకి గబగబా తిరిగి వచ్చింది. రెక్క బాగానే ఉంది.

"అమ్మా, అవి రాళ్లు కావు, నా గుడ్లు," అంది. "సముద్రం గెలిస్తే ఇవి మునిగిపోతాయి. ఇసుక గెలిస్తే తడినేల ఉండదు, పురుగు దొరకదు, నా పిల్లలు పుట్టీ బతకవు. వాళ్లిద్దరూ కుస్తీ పడితే వాళ్ల కాళ్ల కిందే నలిగిపోతాయి. మీరు ఏ లెక్క చెబుతారమ్మా?"

పొద్దుట్నుంచీ గవ్వల గొడవలో పడి, ఈ లెక్క తేలితే ఏమవుతుందో ఇద్దరూ ఆలోచించనే లేదు. సముద్రం గుడిసెల దాకా వస్తే తాము మాత్రం ఎక్కడుంటారు? కనుచూపు మేర పోతే పడవ ఎక్కడ దింపుతారు? దానమ్మకు ఏడుపు వచ్చింది.

"దొంగ లెక్క సెప్పీదామేటే?" అని అడిగింది అసిరమ్మ.

"ఇన్నేళ్లలో ఒక్క సేప తప్పు లెక్కెట్టనేదు. ఇయ్యాల నా నోట ఎలగొస్తాదే? వచ్చినా ఏటి సెప్తాం? ఎటు సెప్పినా దీని గుడ్లు పోతాయి," అంది దానమ్మ.

ఆ మాట నిజం. అబద్ధం చెబుదామన్నా చెప్పడానికి మంచి అబద్ధం ఒక్కటీ లేదు. చద్దన్నం మూట విప్పారు, తినకుండానే మళ్లీ కట్టేశారు. ఉల్లంకి గుడ్ల మీద కూర్చుని వాళ్ల ఇద్దరి మొహాలూ, పక్కనున్న రెండు గంపలూ మార్చి మార్చి చూసింది. చాలాసేపు అలా చూసింది.

పొద్దు వాలింది. సముద్రం ఊపిరి బిగబట్టి అలలు ఆపేసింది. పిట్టలన్నీ ఎక్కడివక్కడ కదలకుండా నిలబడాలని ఇసుక గద్దించింది. గూడబాతు తన వల్ల తగువెందుకని ఎగిరిపోయింది. ఈసారి గవ్వలు వేయలేదు. పుంజీలు నోటితోనే లెక్కపెడుతూ ఒక్కో పిట్టనూ దాటుకుంటూ వచ్చారు. దానమ్మకు నీళ్లలో ఇరవయ్యారు పుంజీలు తేలాయి. అసిరమ్మకు ఇసుక మీద ఇరవయ్యారు పుంజీలు తేలాయి.

ఇంకా రెండు పిట్టలే మిగిలాయి, ఒక కొంగ, ఒక ఉల్లంకి. కొంగ పొడుగు కాళ్లతో నిద్రమత్తులో ఒక కాలు నీళ్లలో, ఒక కాలు ఇసుక మీద పెట్టుకుని ఉంది. కాబట్టి అక్కడా సమానమే. ఇక మిగిలింది గుడ్ల దగ్గర్నుంచి నడిచి వచ్చిన ఉల్లంకి.

అది తడినేల మీదికి వచ్చి, నీటి అంచున ఒక కాలు పెట్టింది. రెండో కాలు పైకెత్తింది. ఎత్తి, పొట్ట కింద ఈకల్లోకి ముడుచుకుంది. ఇక దించలేదు.

దానమ్మ వేళ్లు చూపిస్తూ కొంగవి రెండు, ఉల్లంకిది ఒకటి, మూడు అంది. అసిరమ్మ కూడా లెక్కపెట్టింది. మూడే. ఇద్దరూ ఒకేసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దుట్నుంచీ ఆ మొహాల్లో ఉన్న గందరగోళం అప్పుడు పోయింది. ఆ రోజు దానమ్మ గంప చుట్టూ పొలుసులు ఏరుకున్న ఉల్లంకి ఏదో ఇప్పుడు చెప్పండి.

"పుంజీ నిండలేదు తల్లీ," అంది దానమ్మ సముద్రంతో. "పుంజీ నిండకుండా మేం లెక్క సెప్పం."

సముద్రం గుడ్లురిమింది. ఆ ఒక్క కాలూ నీటి అంచునే ఉంది కదా, నేనే గెలిచాను అంది. రెండో కాలు ఎక్కడ దిగుతుందో చూడకుండా ఎలా గెలుస్తావు అంది ఇసుక. కట్టుబాటు మాట ఏమిటని ముందే అడగాల్సింది కదా అని ఎవరూ పైకి అనలేదు గానీ, కొంగ మాత్రం కొంచెం దగ్గింది.

దానమ్మ చేపల గంప పక్కన కూర్చున్నట్టే ఇసుక మీద కూర్చుంది. అసిరమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఇప్పుడు చద్దన్నం మూట విప్పుకుని తిన్నారు. సముద్రం కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది. ఇలా ఊపిరి బిగబట్టి ఎన్నాళ్లుండను, పోయి మళ్లీ వస్తాను, కాలు దించితే నా లెక్క నాకు చెప్పండి అని వెనక్కి తగ్గింది.

ఉల్లంకి కాలు నొప్పి పుట్టింది. అదీగాక గుడ్లు చల్లారిపోతున్నాయి. అది కొంగ వైపు చూసింది. కొంగ ఏమీ అడగకుండా తన కాలు ఒకటి ఎత్తి ముడుచుకుంది. అప్పుడు ఉల్లంకి కాలు దించి పరుగున పోయి గుడ్ల మీద కూర్చుంది. మర్నాడు ఇంకో పిట్ట ఎత్తింది, ఆ మర్నాడు ఇంకోటి. కొన్నాళ్లకు మూడు గుడ్లూ పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి. ఈకలు ఆరీ ఆరకముందే, మూడూ ఒకదాని మీద ఒకటి పడిపోతూ ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకున్నాయి.

ఈసారి ఒడ్డుకు వెళ్లినప్పుడు చూడండి. ఒంటికాలి మీదున్న ఉల్లంకి దగ్గరకు మీరు మెల్లగా పోతే, అది రెండో కాలు దించదు. ఆ ఒక్క కాలితోనే గెంతుకుంటూ పక్కకు పోతుంది. కుంటిదనుకుని జాలిపడకండి, ఆట పట్టించి తరమకండి. మీ అమ్మలు చేపలు ఎండబెట్టుకునే చోటు కూడా ఆ కాలి మీదే ఆధారపడి ఉంది.

అప్పటినుంచే సముద్రం లెక్క తేలిందేమోనని రోజుకు రెండుసార్లు ఒడ్డుకు వచ్చి, చూసి, వెనక్కి పోతోంది. అప్పటినుంచే ఒడ్డు పిట్టల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఒక కాలు ఎత్తుకునే ఉంటోంది.