పొర పట్టని గాజు

మురహరి బాధ ఏమిటంటే, పొడి వస్తోంది గానీ పొర నిలవడం లేదు.

టైటానియం ద్రావణంలో చిన్న గాజుపలకను ముంచి మైక్రోవేవ్ ఓవెన్‌లో పెడితే, కాసేపటికి అడుగున తెల్లటి పొడి దిగుతుంది, పలక మీద పల్చటి పొర కడుతుంది. పొడి మెత్తగా, ముచ్చటగా ఉండేది. పొర మాత్రం ప్రతి పలక మీదా ఒక కొసన పెచ్చులూడిపోయేది. అతని డాక్టరేట్ అంతా ఆ పొర మీదే ఆధారపడి ఉంది.

తప్పు తనది కాదని మురహరికి గట్టి నమ్మకం. అంత నమ్మకం ఉన్నవాడికి అది ఎవరిదో తేల్చడం ఎంతసేపు? పలకలు కడిగేది హిమజ, ఆ ఏడే ల్యాబ్‌లో చేరిన పిల్ల. గాజు మీద జిడ్డు మిగిలితే పొర పట్టదు. ఇంకేం, తేలిపోయింది.

సోమవారం మీటింగులో అందరి ముందూ అనేశాడు, పలక కడగడం కూడా చేతకాని మనిషికి పరిశోధన ఎందుకని. మళ్లీ కడిగి తెస్తానంది హిమజ. అక్కర్లేదన్నాడు. మర్నాడు గురువుగారి గదికి వెళ్లి మరీ, ఆమెను ఈ పని నుంచి తప్పించమని అడిగాడు. తప్పిస్తే ఆ పిల్లకు వేరే చోటు దొరకదని ఇద్దరికీ తెలుసు.

ఆచార్య సుదర్శనంగారు అంతా విన్నారు. లేచి, అతన్ని వెంటబెట్టుకుని ల్యాబ్‌కు నడిచారు. ఒక పలక కడిగి, ఆరబెట్టి తెమ్మని హిమజకు చెప్పారు.

ఆమె కళ్లు ఇంకా ఉబ్బి ఉన్నాయి. పలక అంచును పట్టకారుతో పట్టుకుని తెచ్చింది. ఆయన పట్టకారు అందుకుని, గాజు మీద నోటితో మెల్లగా ఆవిరి ఊదారు. ఎక్కడా జిడ్డు మచ్చ లేకుండా పలకంతా ఒకేలా మసకబారి, మళ్లీ తేటపడింది.

“నువ్వు రోజూ చూసినట్టే చూడు,” అన్నారు మురహరితో.

ఓవెన్‌లో పెట్టేముందు ప్రతి పలకనూ తానే పరీక్షిస్తానని మురహరి గొప్పగా చెప్పుకునేవాడు. గ్లవ్స్ ఉంటే జారుతుందని తీసేసేవాడు. ఇప్పుడూ పలకను వేళ్లతో పట్టుకుని, కిటికీ వెలుగుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి బాగానే కడిగిందని పెద్దమనసుతో ఒప్పుకున్నాడు కూడా.

గురువుగారు పలకను తిరిగి పట్టకారుతో అందుకుని, మళ్లీ ఊదారు.

మసకబారిన గాజు మీద, ఒక కొసన, బొటనవేలి ముద్ర గీతలతో సహా తేలింది. రోజూ పొర ఊడేది సరిగ్గా అక్కడే.

మురహరికి చెవులు వేడెక్కాయి. అంత సిగ్గు అతను ఎన్నడూ పడలేదు. పక్కనే నిలబడ్డ హిమజ కూడా ఆ ముద్రను చూసింది. ఆమె ఏదైనా అంటే బాగుండునని అతనికి అనిపించింది.

“సార్, హిమజను తప్పించొద్దు,” అన్నాడు చివరికి, గురువుగారికి మాత్రమే వినపడేంత మెల్లగా.

“నిన్న మీటింగులో ఆ మాట నా ఒక్కడితోనే అన్నావా?” అని అడిగారు గురువుగారు.

చుట్టూ బల్లల దగ్గర మిగతావాళ్లు పనిచేసుకుంటున్నారు. మురహరి వాళ్లవైపు తిరిగాడు.