పాటబండ మీద లకుముకిపిట్ట పాట

నల్లగుట్ట కింద వాగు మలుపు తిరిగే చోట ఒక చదునైన బండ ఉంది. దాన్ని పాటబండ అంటారు. తొలకరి పడ్డ మర్నాడు పొద్దున్నే చుట్టుపక్కల జంతువులన్నీ అక్కడ చేరతాయి. ఒకరు బండెక్కి, దేవుడి మీద పద్నాలుగు పాదాల కొత్త పాట చెప్పాలి. చెప్పినవారికి ఏడాది పొడుగునా బండ మీద చోటు, అందరి తిండిలో తొలి ముద్ద. మధ్యలో పాట తప్పితే దిగిపోవాల్సిందే.

తొమ్మిదేళ్లుగా ఆ చోటు ముసలి మేక ముత్తెమ్మది.

ఈసారి తొలకరి పడ్డ రోజే ముత్తెమ్మకు దిగులు పట్టుకుంది. నిన్న మేసిన పొద ఇవాళ గుర్తుండటం లేదు. పాటైతే కట్టింది, కుదిరింది కూడా. రేపటిదాకా అది బుర్రలో నిలుస్తుందా?

ఆ సంగతి పసిగట్టి నక్క వచ్చింది.

"ఏమవ్వా, మొహం అలా వాడిపోయింది?"

"పాట మరిచిపోతానేమోనని భయం, నాయనా."

"నేను లేనూ! ఒక్కసారి నా చెవిన వెయ్యి. రేపు తడబడితే పక్కనుంచి అందిస్తా."

అక్కడే నెమరేస్తున్న ఎద్దు రామన్న తల ఎత్తింది. "అవ్వా, దొంగ చేతికి తాళాలిస్తున్నావు."

"నువ్వు గడ్డి నెమరేసుకో. మాటలు నీకెందుకు?" అంది నక్క.

భయపడేవాళ్లకు అందిన చెయ్యే ఆసరా. ముత్తెమ్మ పాటంతా చెప్పేసింది.

"గాలిలో నిలిచింది చుక్కల రెక్క,
రెక్కకు లేదు కాలూనే కొమ్మ…"

చేప కోసం వాగు మీద ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడే లకుముకిపిట్ట మీద కట్టిన పాట అది. ఒక పాదం ఏ మాటతో ముగుస్తుందో, తర్వాతి పాదం ఆ మాటతోనే మొదలవుతుంది. ఎనిమిది పాదాలు పిట్టను చూడటం, తక్కిన ఆరూ పిట్టను నిలబెట్టినవాడికి మొక్కడం.

నక్క దారంతా గొణుక్కుంటూ పోయింది. "అన్న మాటే మళ్లీ అనడం ముసలి చాదస్తం! ఈ రెండోసారి మాటలన్నీ కోసేస్తే పాట నున్నగా ఉంటుంది." అలాగే కోసేసింది.

తెల్లారింది. ముత్తెమ్మ కదిలేలోపే నక్క ఒక్క గెంతులో బండెక్కింది.

"ఈ ఏటి పాట నాది!"

నక్క ఏడు పాదాలు గడగడా చెప్పేసింది. ఎనిమిదోది అందుకుంది.

"ఎవరి మాట విని నిలిచిందీ పిట్ట?"

అక్కడ ఆగింది. తర్వాతి పాదం మొదటి మాట నిన్ననే కోసేసిందాయె, పట్టుకుందామంటే కొస లేదు.

"ఎవరి మాట విని, నక్క మావా? చెప్పు!" అన్నాయి కుందేళ్లు.

నక్క గుటకలు మింగి, రొమ్ము విరుచుకుంది. "ఇంకెవరిది? నా మాటే!"

పైన గాలిలో నిలబడి వింటున్న లకుముకిపిట్ట కిలకిలా నవ్వింది. "నీ మాట విని ఉంటే ఈపాటికి నీ పొట్టలో ఉండేదాన్ని!"

వాగు గట్టంతా ఒకటే నవ్వు. నక్క తోక ముడుచుకుని దిగింది.

ముత్తెమ్మ బండెక్కింది. ఒక్కో పాదమే చెబుతూ ఎనిమిదో దానికి వచ్చింది. "…నిలిచిందీ పిట్ట?" బుర్రంతా ఖాళీ. రామన్న దవడ ఆడించడం మానేసింది.

"పిట్ట…" అనుకుంది ముత్తెమ్మ. అంతే, ఆ మాట వెంటే తర్వాతి పాదం నడిచొచ్చింది.

"పిట్టను పట్టింది కనపడని చెయ్యి,
చెయ్యి వదిలితే నేనెక్కడ, స్వామీ?"

అక్కడినుంచి ఇక తడుముకోలేదు. పద్నాలుగో పాదం "నన్ను మోసేదీ నీ ఊపిరి గాలి" అని ముగిసేసరికి అందరికీ మొదటి పాదం గుర్తొచ్చింది. ఎవరూ చెప్పకుండానే "గాలిలో నిలిచింది" అంటూ మళ్లీ ఎత్తుకున్నారు.

లకుముకిపిట్ట వాగులో మునిగి చేపను తెచ్చి ముత్తెమ్మ ముందు పెట్టింది. "తొలి ముద్ద, అవ్వా!"

"చేప నేనేం చేసుకోనే తల్లీ! ఆ నక్కకివ్వు, పొద్దున్నించీ వట్టి గుటకలే మింగింది."

నక్క చేప నములుతూ అడిగింది. "అవ్వా, నీకంటే నాకే జ్ఞాపకం ఎక్కువ కదా. నేనెందుకు ఆగిపోయాను?"

"నువ్వు పాటను పట్టుకున్నావు, నాయనా. నన్ను పాట పట్టుకుంది."

దారం దండగని తెంపేసినవాడి చేతిలో పూలుంటాయి గాని దండ ఉండదు.