రెక్కల ఏనుగుని నిద్రపుచ్చిన నూకాలు

ఒకానొక అడవిలో, ఆకుల మీద మంచు ఇంకా ఆరకముందే, నూకాలు అనే అలుగు ఒక పెద్ద ఆట గెలిచింది. గెలిచిన మరుక్షణమే దాని కడుపులో ఏదో కలుక్కుమంది.

అలుగంటే తెలుసుగా? ఒంటినిండా పెంకులుంటాయి. నాలుక పొడుగ్గా ఉంటుంది. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. మన నూకాలుకి భయం కాస్త ఎక్కువ. రోజులో సగం అలా ఉండ చుట్టుకునే గడిపేది.

ఆ పొద్దున దాని ఎదురుగా కూర్చున్నది బొంతయ్య అనే ఎలుగుబంటి. ఆట సాయంత్రం దాకా సాగుతుంది కదా, మధ్యలో ఆకలేస్తుందని దొన్నె నిండా ఇప్పపూలు తెచ్చుకున్నాడు. ఇద్దరికీ సరిపడా తెచ్చాడు. దొన్నె మీద కప్పిన ఆకు ఇంకా తియ్యనేలేదు.

"అయిపోయిందా?" అన్నాడు బొంతయ్య.

"అయిపోయింది మావయ్యా."

"నేనింకా ఏం ఆడలేదు కదమ్మా!"

"అవును మావయ్యా. అందుకే ఓడిపోయావు."

బొంతయ్య దొన్నె వైపు చూశాడు. ఎండ వైపు చూశాడు. బండ మీద బోర్లా పడి గురకపెడుతున్న తన రెక్కల ఏనుగు బొమ్మని చూశాడు. ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాడు. రెండు తిట్లు తిట్టినా బావుండేది. వచ్చినప్పుడు ఎంత కోపం తెచ్చాడో అంత కోపాన్నీ అలాగే వెనక్కి మోసుకుపోయాడు.

"పొద్దున తిన్న ఎర్రచీమలు అరగలేదేమో" అనుకుంది నూకాలు. అనుకుని, ఉండలా చుట్టుకుపోయింది.

ఇంతకీ అదేం ఆట అంటారా? చెప్తా వినండి.

ఆ అడవిలో జంతువులు ఒకదాన్నొకటి కొట్టుకోవు. కోరలూ గోళ్ళూ తిండి కోసమే గానీ తగువుల కోసం కాదని కట్టుబాటు. ఎవరికైనా తగువొస్తే ఇద్దరూ చదునుబండ దగ్గరికెళ్ళి మాయకోట ఆట ఆడాలి. ఎదురెదురుగా కూర్చోవాలి. నీ వంతు, తర్వాత నా వంతు. ముందొచ్చినవాళ్ళది మొదటి వంతు. గెలిచినవాళ్ళ మాట చెల్లుతుంది.

ఎవరి బొమ్మలు వాళ్ళే తెచ్చుకోవాలి. ఏడు బొమ్మలు, ఏవైనా సరే. నిప్పులు కక్కే పాముంది. రెండు తలల గద్ద ఉంది. రెక్కల ఏనుగుంది. ఎదుటివాళ్ళ కోట పడగొడితే గెలిచినట్టు. ఎక్కడో మూలన ఇంకో నియమం కూడా ఉంది. వరసగా మూడు వంతులు ఏ బొమ్మనీ కదపలేకపోతే ఓడినట్టు. ఆ నియమంతో ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు.

బొమ్మల్లోకెల్లా చిన్నవాడు మరుగుజ్జు మాంత్రికుడు. బొటనవేలంత ఉంటాడు. గడ్డం మాత్రం వాడికంటే పొడుగు. వాడికొచ్చింది ఒకటే మంత్రం. "జో" అంటాడు. అనగానే ఎదుటివాళ్ళ బొమ్మ ఒకటి ఒక వంతు పాటు నిద్రపోతుంది. అంతకుమించి వాడివల్ల ఏమీ కాదు. రెక్కల ఏనుగుని ఇంట్లో వదిలేసి ఈ గడ్డంవాణ్ణి చంకనేసుకొస్తే నలుగురూ నవ్వరూ? అందుకే వాణ్ణి ఎవరూ తెచ్చేవాళ్ళు కాదు.

నూకాలు కూడా ఏనుగులతోనే ఆడేది. ఆడిన ప్రతిసారీ ఓడిపోయేది. దాని వాగొడ్డు బొరియ ముళ్ళపందికి పోయింది. నేరేడు చెట్టు కింద నీడ నక్కకి పోయింది. చివరికి దానికి మిగిలింది దిబ్బ మీదున్న ఒక్క చెదపుట్ట. వానాకాలమంతా దానికి ఆ పుట్టే అన్నం. అది కూడా పోతే పస్తే. ఎలుగుబంట్లకీ చెదలంటే ప్రాణం. బొంతయ్య వచ్చి, "ఆ పుట్ట నాది, బండ దగ్గరికి రా" అన్నాడు.

నూకాలు బెంగతో చుట్టుకుపోయి ఆలోచించింది. ఉండలో కూర్చుని ఆలోచిస్తే ఆలోచనలు బయటికి పోవు, లోపలే గుండ్రంగా తిరుగుతాయి. తిరిగి తిరిగి ఒకచోట ఆగాయి.

"మావయ్య దగ్గర ఏడు బొమ్మలుంటాయి. నేను ఏడుగురు మరుగుజ్జుల్ని తీసుకెళ్తే? ఏడుగురూ ఏడు జోలు కొడితే? అలా మూడుసార్లు కొడితే?"

అదీ సంగతి. తర్వాత ఏమైందో చూశారుగా.

పుట్ట దక్కింది. కడుపునిండా చెదలు తింది. కడుపులో కలుక్కు మాత్రం పోలేదు. "ఇంకోటి గెలిస్తే పోతుందేమో" అనుకుని ముళ్ళపందిని ఆటకి పిలిచింది.

ఆ ముళ్ళపంది పేరు సూదులమ్మ. రెండు తలల గద్దని మధ్యలో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. ఏడుగురు మరుగుజ్జుల్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏంటే నూకాలూ, పెళ్ళివారినేమైనా తీసుకొచ్చావా?"

"జో" అన్నారు ఏడుగురూ.

గద్ద దబ్బున పడిపోయింది. సూదులమ్మ ఒక ముల్లు పీకి దాన్ని పొడిచింది.

"లేవరా! రెండు తలలు పెట్టుకున్నావు కదా, ఒకటి పడుకుంటే ఇంకోటి కాపలా కాయొద్దూ?"

గద్ద రెండు తలలతోనూ గురకపెట్టింది. ఒకటి సన్నగా, ఒకటి లావుగా.

"తొండ బాబాయ్! ఇది అన్యాయం, అవునా కాదా?" అని అరిచింది సూదులమ్మ.

తొండ బాబాయ్ ఆ ఆటకి పెద్దమనిషి. తొండలు ఎప్పుడూ తల ఊపుతూనే ఉంటాయి కదా. ఎవరి మాటా కాదనడని అందరూ కలిసి ఆయన్నే పెట్టుకున్నారు. బాబాయ్ తల ఊపాడు.

"కానీ నియమాల్లో ఉన్నదే కదా బాబాయ్?" అంది నూకాలు.

బాబాయ్ తల ఊపాడు.

బొరియ తిరిగొచ్చింది. కలుక్కు ఇంకా పెరిగింది. మూడోసారి నేరేడు నీడ కోసం నక్కని పిలిచింది. నక్క పేరు పాపారావు. నూకాలు బండ దగ్గరికి వెళ్ళేసరికే పాపారావు వచ్చి కూర్చున్నాడు. సంచి విప్పాడు. లోపల్నించి ఏడు పొడుగు గడ్డాలు బయటికొచ్చాయి.

"నీ దగ్గరే నేర్చుకున్నానమ్మా. గురువుకి దణ్ణం" అన్నాడు పాపారావు. "మొదటి వంతు నాది. జో!"

నూకాలు మరుగుజ్జులు ఏడుగురూ గడ్డాలు దిండుగా పెట్టుకుని పడుకున్నారు. మూడు వంతులూ అలాగే గడిచాయి. నీడ పాపారావుకే ఉండిపోయింది.

ఇక చూడండి తమాషా. అడవిలో ఎవరి సంచి విప్పినా మరుగుజ్జులే. బొమ్మలు చేసే కుమ్మరి పురుగు ఒకటుండేది. అది పొద్దస్తమానం మరుగుజ్జుల్నే చేసి చేసి విసిగిపోయింది.

"ఎవరైనా ఒక్క ఏనుగు అడగండయ్యా!" అని మొత్తుకుంది. "రెక్కలు చెయ్యడం మర్చిపోతున్నాను. మొన్న ఊరికే చేసి చూస్తే రెక్కలకి బదులు గడ్డం వచ్చింది!"

అందరి దగ్గరా మరుగుజ్జులే ఉంటే గెలిచేదెవరు? ముందు "జో" అన్నవాళ్ళు. ముందు అనేదెవరు? ముందొచ్చినవాళ్ళు. దాంతో తగువు ఉన్నా లేకపోయినా జంతువులు వచ్చి బండ మీదే కాపురం పెట్టాయి. కుందేళ్ళు పిల్లల్ని కూడా తెచ్చుకున్నాయి. తాబేలు మాత్రం ఇంట్లోంచి కదల్లేదు. "ఎలాగూ అందరికంటే ఆఖర్నే వస్తాను, ఓడిపోయాననే రాసేసుకోండి" అని కబురు పంపింది.

ఇలా ఉండగా ఒకరోజు సూదులమ్మా పాపారావూ సరిగ్గా ఒకేసారి బండ మీద కాలు పెట్టారు.

"నేను ముందొచ్చాను" అన్నాడు పాపారావు.

"నీ మూతి ముందొచ్చింది. కాలు నాది ముందు" అంది సూదులమ్మ.

తగువొస్తే ఏం చెయ్యాలి? మాయకోట ఆడాలి. సరే, మొదటి వంతు ఎవరిదో తేల్చుకోడానికి ఒక ఆట పెట్టుకున్నారు. ఆ ఆటలో మొదటి వంతు ఎవరిది? అది తేల్చుకోడానికి ఇంకో ఆట పెట్టుకున్నారు. దాంట్లో ఎవరిది? దానికి మరో ఆట. మధ్యాహ్నానికల్లా అసలు తగువేంటో చూడ్డానికొచ్చిన కోతులకే కళ్ళు తిరిగాయి. ఒక్క బొమ్మ కూడా ఒక్క అడుగు కదల్లేదు.

ఆఖరికి పాపారావు ఒళ్ళు మండి సూదులమ్మని కరిచాడు.

కరిచాక కుయ్యోమన్నాడు. మూతినిండా ముళ్ళు దిగాయి. సూదులమ్మ చెవి చిరిగి నెత్తురు కారింది. ఆ అడవిలో తగువు కోసం నెత్తురు చూడ్డం అందరికీ అదే మొదలు. కుందేళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నాయి. మరుగుజ్జులు కూడా గడ్డాలు నోట్లో పెట్టుకుని చూస్తుండిపోయారు.

నూకాలు చుట్టుకుపోబోయి, ఆగి, తొండ బాబాయ్ దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, మరుగుజ్జుల్ని ఆటలోంచి తీసెయ్యండి!"

బాబాయ్ తల ఊపాడు.

"బావుందమ్మా!" అన్నాడు పాపారావు, మూతి తడుముకుంటూ. "వాళ్ళతో పుట్టా బొరియా గెలుచుకున్నది నువ్వు. ఇప్పుడు మాకు అలవాటయ్యేసరికి తీసెయ్యాలా? తియ్యడానికి వీల్లేదు బాబాయ్!"

బాబాయ్ తల ఊపాడు.

"గెలిచినవన్నీ తిరిగిచ్చేసి అప్పుడు మాట్లాడమను" అంది సూదులమ్మ చెవి పట్టుకుని.

బాబాయ్ దానికీ తల ఊపాడు. నూకాలు బొరియ ఆ సాయంత్రమే సూదులమ్మకి తిరిగిచ్చేసింది. పుట్ట ఇవ్వడానికి మాత్రం చేతులు రాలేదు. ఇస్తే ఏం తినాలి?

ఇంతలో తొలకరి పడింది. ఓడినవాళ్ళు మళ్ళీ ఆట అడగొచ్చని ఆ అడవిలో ఆనవాయితీ. వాన వెలిసీ వెలవకముందే బొంతయ్య చెదపుట్ట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నూకాలూ, పుట్ట కోసం మళ్ళీ ఆడదామా?"

నూకాలు అప్పటికే ఉండైపోయింది. లోపల్నించి అడిగింది. "మరుగుజ్జులతోనా మావయ్యా, ఏనుగులతోనా?"

"ఏనుగులతోనే" అన్నాడు బొంతయ్య. "చూడమ్మా, ఒకప్పుడు నాకూ పాపారావుకీ తేనెపట్టు కోసం తగువొచ్చింది. పొద్దుగూకేదాకా ఆడాం. మధ్యలో ఆకలేసి ఆ తేనెపట్టునే ఇద్దరం కలిసి తినేశాం. ఎవరు గెలిచారో ఇద్దరికీ గుర్తులేదు. పొద్దుట కరిచెయ్యాలనిపించినవాడు సాయంత్రానికి వీపు గోకాడు. నువ్వేమో నాకు కోపం తగ్గే లోపే ఆట ముగించేశావు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదమ్మా. అది ఇంకా నా దగ్గరే ఉంది."

"నేను మళ్ళీ మరుగుజ్జుల్ని తెస్తే ఏం చేస్తావు మావయ్యా?"

బొంతయ్య తన గోళ్ళ వైపు చూసుకున్నాడు. చూసుకుని సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం చేస్తానో నాకే తెలీదు. నా భయం కూడా అదే."

ఇద్దరూ కలిసే నడిచారు. కలిసే బండ ఎక్కారు. ఎదురెదురుగా కూర్చున్నారు. నూకాలుకి కుడిపక్కనొక సంచి, ఎడమపక్కనొక సంచి. ఒకదాంట్లో ఏనుగులు, ఒకదాంట్లో మరుగుజ్జులు. ఏదో ఒక్కటే విప్పాలి. బొంతయ్య ఒడిలో ఒకటే సంచి ఉంది. మూతి గట్టిగా బిగించి కట్టి ఉంది.

"ఏనుగులేగా మావయ్యా?"

"ఏనుగులే. ఒట్టు."

"సంచి కాస్త చిన్నగా ఉందేంటి?"

"కుమ్మరి పురుగు మట్టి తక్కువేసింది" అన్నాడు బొంతయ్య. నిజమే చెప్పాడో, అబద్ధమే ఆడాడో. ఎలుగుబంటి మొహమంతా జుట్టే కదా, ఏం తెలుస్తుంది?

నూకాలు ఈసారి చుట్టుకుపోలేదు. తల తిప్పి, కథ వింటున్న మీ వైపే చూసింది. గబగబా, గుసగుసగా అడిగింది.

"పిల్లలూ, నేను ఏనుగుల్ని తీస్తే, మావయ్య సంచిలో మరుగుజ్జులుంటే, పుట్ట పోతుంది. వానాకాలమంతా పస్తులే. నేను మరుగుజ్జుల్ని తీస్తే, మావయ్య నిజంగానే ఏనుగుల్ని తెచ్చుంటే, పుట్ట నాదే. కానీ ఆ గోళ్ళు చూశారా? ఇద్దరం ఏనుగుల్నే తీస్తే సాయంత్రం దాకా ఆడాలి. ఏనుగులతో నేను ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా ఆడాలనే ఉంది. భయంగా కూడా ఉంది. ఏ సంచి విప్పను? మీరైతే ఏది విప్పుతారు? తొందరగా చెప్పండి, మావయ్య ముడి విప్పేస్తున్నాడు!"

నీతి: ఎదుటివాళ్ళని ఆడనివ్వకుండా గెలిస్తే గెలుపు దక్కుతుంది గానీ ఆట పోతుంది. ఆట పోయినచోట ఇక మిగిలేవి గోళ్ళే.